చుక్కల్లో కాపురం గురించి ఆలోచించిన మనిషి

వేసవి రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడం ఎంత కష్టమో మీకూ తెలిసే ఉంటుంది. ఆ చుక్కల దగ్గరికెళ్ళి మనుషులు బతకగలరా అని మా వాడు అడిగాడు. నాకు వెంటనే జె.బి.ఎస్. హాల్డేన్ గుర్తొచ్చారు. ఇంగ్లండులో పుట్టిన ఆ శాస్త్రవేత్త చివరికి చేరింది మన కాకినాడకే!

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనుల్లోని వాయువులు మనిషినేం చేస్తాయో స్వయంగా పీల్చి చూసేవారు. పసివాడైన కొడుకునీ వెంట తీసుకెళ్ళేవారు. ఒకసారి మీథేన్ చేరిన చోట నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఓ ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లాడి కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడు. నేల దగ్గర గాలి మంచిది గనక తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలికని ఆ కుర్రాడికి అలా తెలిసింది. ఇది చదివినప్పుడు తల్లిగా నా గుండె గుభేలుమంది!

1939 జూన్ 1న థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. తలుపులు మూసిన ఆ ఇనపగదుల్లో వాళ్ళు వదిలిన ఊపిరే పేరుకుని విషమైంది. కారణాలు తేల్చడానికి హాల్డేన్ పూనుకున్నారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఉక్కు గదిలో కూర్చుని, పీడనం పెంచి, రకరకాల వాయువులు పీల్చారు. ప్రాణం నిలిపే ఆక్సిజనే పీడనం ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. అలా వచ్చిన ఫిట్స్‌లో ఆయన వెన్నుపూస దెబ్బతింది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు.

అన్నట్టు, ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో హెలెన్ స్పర్వే అనే యువ శాస్త్రవేత్త కూడా ఉన్నారు. 1945లో హాల్డేన్‌ని పెళ్ళాడింది ఆవిడే. ఆయన్ని తలుచుకునే వాళ్ళు ఆవిడ ధైర్యాన్నీ తలుచుకోవాలి.

భూమి బతకడానికి పనికిరాకుండా పోతే మన సంతతి శుక్రగ్రహానికీ, అక్కణ్ణించి పాలపుంత అంతటికీ ఎలా విస్తరించవచ్చో 1927లోనే ఊహించి రాశారాయన. 1962లో లండన్ సదస్సు కోసం ఇంకో అడుగు ముందుకేశారు. గురుత్వాకర్షణ తక్కువున్న చోట పొడుగు కాళ్ళు దండగ, కొమ్మలు పట్టుకునే గిబ్బన్ కోతి లాంటి ఒళ్ళు మేలన్నారు. ఎక్కువున్న చోటికి పొట్టి కాళ్ళవాళ్ళు కావాలన్నారు.

ఆయన ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. వ్యాయామం సరిగ్గా లేకపోతే అంతరిక్షంలో ఉండే వాళ్ళ ఎముకలు నెలకి నూటికి ఒక వంతు చొప్పున అరిగిపోతాయి. కానీ ఒక్కచోట నాకు ఆయనతో పేచీ ఉంది. గ్యాసు పీల్చడానికి తన ఒళ్ళు తానే అప్పగించారు, సరే. వేరే లోకం కోసం మలిచిన బిడ్డని ఎవరు అడిగారని? నవమాసాలు మోసే తల్లి మాటేమిటి?

1957లో దంపతులు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. మన పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యులయ్యారు. హాల్డేన్ కుర్తా పైజమాకి మారి, భారత పౌరసత్వం తీసుకుని, 1962లో భువనేశ్వర్ చేరారు. కేన్సర్ వచ్చింది. దాని మీదా నవ్వుతూ పద్యం రాశారు! 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. హెలెన్ తర్వాత హైదరాబాద్ వచ్చి 1978లో అక్కడే పోయారు.

ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు, మన పిల్లలు చదువుకోవడానికి. బతికున్నప్పుడు ప్రయోగాలకిచ్చిన ఒంటిని పోయాక పాఠాలకి ఇచ్చేశారన్నమాట.

మా తాడేపల్లిగూడెంలో రైలెక్కి గోదావరి దాటితే కాకినాడ ఎంతో దూరం లేదు. ఈసారి వెళ్ళినప్పుడు మా వాడికి ఆ కాలేజీ గేటు చూపించాలి. మన వాళ్ళు పోయాక ఇలా ఇవ్వడానికి మనం ఒప్పుకుంటామా అని వాడడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.