మలేరియా మర్మమును ఛేదించిన రొనాల్డ్ రాస్

మానవజాతిని అనాదిగా పట్టి పీడించిన వ్యాధులలో చలిజ్వరము అగ్రగణ్యమైనది. ఈ జ్వరము చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి వలన కలుగుతుందని ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి విశ్వసించారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. గాలిని ఎవరు ఆపగలరు? కనుక వ్యాధి సోకడం, సోకకపోవడం విధిలిఖితమని ప్రజలు భావించారు. ఆ నిస్సహాయతను పోగొట్టి, వ్యాధి ఎక్కడ పుడుతుందో, ఏ కారణము చేత పెరుగుతుందో, దేనిచేత తగ్గుతుందో లెక్కకట్టి చూపిన మహనీయుడు సర్ రొనాల్డ్ రాస్. ఆ కృషిలో కీలకమైన ఘట్టము జరిగిన స్థలం ఏ లండన్ నగరమో కాదు. మేడ్చల్, శామీర్‌పేటల నుండి సికిందరాబాదుకు వచ్చిపోయే విద్యార్థులకు సుపరిచితమైన బేగంపేట.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు జెండా ఎత్తి అప్పటికి మూడు రోజులే అయినది. తండ్రి ఆంగ్లేయ సైన్యంలో ఉన్నతాధికారి. బాల్యంలోనే చదువు నిమిత్తం రాస్‌ను ఇంగ్లండుకు పంపారు. అతనికి చిత్రలేఖనం మీద, కవిత్వం మీద, గణితం మీద మక్కువ. వైద్యవిద్య మాత్రం తండ్రి కోరిక. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు రాజధానికి వచ్చాడు. తొలి సంవత్సరాలలో అతడు శ్రద్ధాళువైన వైద్యుడని ఎవరూ అనలేదు. కావ్యాలూ నవలలూ వ్రాసుకొంటూ, గణిత గ్రంథాలు చదువుకొంటూ కాలం గడిపాడు.

1883లో బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంఘటన జరిగింది. తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండటానికి కారణము వెదకగా, కిటికీ దగ్గర ఉంచిన నీటి తొట్టిలో దోమపిల్లలు కదలాడుతూ కనిపించాయి. ఆ నీటిని పారబోయగానే దోమలు తగ్గాయి. అప్పటికి దోమకూ జ్వరానికీ గల సంబంధము అతనికి తెలియదు. కాని అతని జీవితకాలపు కృషికి అదియే బీజమైనది.

ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒకరి రక్తం నుండి మరొకరి రక్తంలోనికి ఎలా ప్రవేశిస్తుందన్న ప్రశ్నకు మాత్రం సమాధానము లేకపోయినది. 1894లో సెలవుపై లండన్ వెళ్ళిన రాస్‌కు ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపి, దోమ పాత్ర ఉండవచ్చునన్న తన ఊహను వివరించాడు. రోగి రక్తం త్రాగిన దోమ నీటిలో పడి మరణిస్తుందనీ, ఆ నీటిని త్రాగినవారికి వ్యాధి సోకుతుందనీ మాన్సన్ భావించాడు. ఆ ఊహలో సగము సత్యము, సగము భ్రమ.

1895లో రాస్ సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా వచ్చాడు. ఇచ్చట అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో పరాన్నజీవి యొక్క అర్ధచంద్రాకార రూపాలు కనిపించాయి. అతని రక్తం త్రాగిన దోమలను పరిశీలించసాగాడు. మాన్సన్ ఊహను పరీక్షించడానికి, అటువంటి దోమలు మరణించిన నీటిని లక్ష్మణ్ అనే వ్యక్తిచేత త్రాగించాడు. అతనికి స్వల్పంగా జ్వరం రాగా రాస్ విజయం లభించినదని సంతోషించాడు. కాని తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. నేటి వైద్యనీతి దృష్ట్యా ఇట్టి పరీక్ష ఆమోదయోగ్యము కాదని కూడా మనం చెప్పుకోవాలి. విజ్ఞాన చరిత్రను చదివేటప్పుడు విజయాలతోపాటు ఈ నీడలను కూడా చూడటం న్యాయం.

రెండు సంవత్సరాల శ్రమ ఫలించకపోవడానికి కారణము తరువాత గాని తెలియలేదు. రాస్ పరీక్షించిన దోమలు ఈ వ్యాధిని మోసే జాతివి కావు. దోమలన్నీ ఒకటే అనుకొనుటలోనే పొరపాటు దాగి ఉన్నది. 1897లో ఉదకమండలం ప్రాంతంలో పరిశోధన చేస్తూ అతడు స్వయంగా మలేరియాకు గురి అయ్యాడు. కోలుకొని తిరిగి సికిందరాబాదు చేరాడు. ఆ వేసవి ఉష్ణము దుర్భరం. పంకా వేస్తే కోసి ఉంచిన దోమలు ఎగిరిపోతాయి గనుక గాలి లేకుండానే గంటల తరబడి పనిచేశాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటికటకము కూడా పగులు తీసింది.

ఆగస్టు మధ్యలో అతనికి మచ్చల రెక్కలు గల క్రొత్త రకం దోమలు లభించాయి. అవి గోడమీద వ్రాలేటప్పుడు తోకభాగం పైకెత్తి కూర్చొంటాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, ఆగస్టు 16న ఆ దోమలను లోనికి విడిచాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆగస్టు 20న, మిగిలిన దోమలలో ఒకదానిని కోసి చూస్తుండగా జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవికి ప్రత్యేకమైన నల్లని రేణువులున్నాయి. మరునాడు ఇంకొక దోమను కోయగా ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. దోమ శరీరంలో పరాన్నజీవి బ్రతికి పెరుగుతున్నదని నిర్ధారణ అయినది. ఆగస్టు 20వ తేదీని నేడు ప్రపంచ దోమల దినముగా పాటిస్తున్నారు.

ఆ కనుగోలు జరిగిన కొలది కాలానికే ప్రభుత్వము రాస్‌ను రాజపుతానాకు బదిలీ చేసినది. మలేరియా రోగులు అరుదైన ఆ చోట పరిశోధన కుంటుపడినది. 1898లో కలకత్తాకు చేరిన తరువాత, మహమ్మద్ బక్ష్, కిశోరీమోహన్ బంద్యోపాధ్యాయ్ అనే సహాయకుల తోడ్పాటుతో పక్షులకు వచ్చే మలేరియాను పరిశీలించాడు. ఆ ఏడాది జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులలోనికి చేరుతుందని కనుగొన్నాడు. వ్యాధి త్రాగే నీటి వలన గాక కాటు వలననే వస్తుందని తేలిపోయినది. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ దోమ పాత్రను అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లీలు నిరూపించారు. ఘనత ఎవరిదన్న విషయమై రాస్, గ్రాసీల మధ్య చాలాకాలం కలహము సాగింది. అందులో రాస్ ప్రవర్తన అంత హుందాగా లేదనక తప్పదు. 1902లో అతనికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానము లభించినది.

సాధారణంగా రాస్ జీవితకథ ఇచ్చటనే ముగుస్తుంది. కాని అతని ఆలోచనలో ముఖ్యమైన భాగం ఇక్కడే మొదలైనది. ఉద్యోగం విడిచి లివర్పూల్‌లో ఆచార్యుడై, ఆఫ్రికా, ఈజిప్టు, మారిషస్ మొదలగు దేశాలు తిరిగాడు. సూయజ్ కాలువ తీరాన గల ఇస్మాయిలియా పట్టణంలో 1902లో అతని సలహాపై నీటి గుంటలు పూడ్చగా కొద్ది సంవత్సరాలలోనే అచ్చట మలేరియా దాదాపు అంతరించింది. అయినను విమర్శకులు ఒక ప్రశ్న వేశారు. లోకంలోని దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం?

దీనికి రాస్ గణితంతో సమాధానము చెప్పాడు. ఒక రోగిని కుట్టిన దోమలలో ఎన్నింటికి పరాన్నజీవి సోకుతుంది? అది దోమలో పక్వము కావడానికి పది రోజులకు పైగా పడుతుంది. అంతవరకు బ్రతికే దోమలెన్ని? బ్రతికిన వాటిలో తిరిగి మనుషులను కుట్టేవి ఎన్ని? ఈ లెక్క వలన ఒక రోగి నుండి సగటున ఒకరికంటె ఎక్కువమందికి వ్యాధి సోకితే అది పెరుగుతుంది. ఒకరికంటె తక్కువమందికి సోకితే క్రమంగా ఆరిపోతుంది. కాబట్టి దోమలను సమూలంగా నిర్మూలించనక్కరలేదు. వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువన ఉంచితే చాలును. వ్యాధిభయమును కొలిచి, తగ్గించవచ్చునన్న ఈ భావనను 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో అతడు వివరించాడు. అంటువ్యాధుల గణితానికి నేటికీ ఇది ఒక పునాదిరాయి.

ఈ సూత్రంలోని సత్యమును మన దేశం అనుభవపూర్వకంగా తెలుసుకొన్నది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైన తరువాత, 1960ల తొలినాళ్ళకు వ్యాధి లక్షకు అటుఇటుగా తగ్గింది. జాగ్రత్త సడలగానే 1976లో 64 లక్షలు దాటినది. హద్దు దాటితే జ్వరము తిరిగి వస్తుంది.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు. అతడు పనిచేసిన బేగంపేట భవనము నేటికీ నిలిచి ఉన్నది. నల్లకుంట జ్వరాల ఆసుపత్రి అతని పేరనే ఉన్నది. మన ప్రాంతంలో ఆ అన్వేషణ ఇంకను సాగుతున్నది. మేడ్చల్ మండలపు పల్లెలలో 2009లో మొదలైన ఒక దీర్ఘకాలిక అధ్యయనము, తల్లి గర్భధారణకు ముందటి పరిస్థితులు బిడ్డ ఆరోగ్యంపై చూపే ప్రభావమును పరిశీలించింది. శామీర్‌పేట సమీపాన జినోమ్ వ్యాలీలో నెలకొన్న భారత్ బయోటెక్ సంస్థ, 2021లో మలేరియా టీకా తయారీ బాధ్యతను స్వీకరించే ఒప్పందము చేసుకొన్నది.

విద్యార్థి మిత్రులారా! రాస్ పేరు ప్రపంచమంతటా వెలుగుతున్నది. అణా కూలికి దోమకాట్లు భరించిన హుసేన్ ఖాన్ పేరు ఎందరికి తెలుసు? అబ్దుల్ ఖాదిర్, లక్ష్మణ్, మహమ్మద్ బక్ష్‌లను ఎందరు స్మరిస్తారు? ఉర్దూ, తెలుగు మాట్లాడే ఈ గడ్డపై సామాన్యులు తమ దేహములను ఒప్పగించినందువలననే ఆ సత్యము వెలుగు చూసింది. వారి ఋణము తీర్చుకొనుటకు మనం శాస్త్రవేత్తలమే కానక్కరలేదు. వారానికొకసారి ఇంటి గోళెము ఖాళీ చేసి తోమడం, వాకిటి గుంటను పూడ్చడం, జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించుకోవడం చాలును. బెంగుళూరులో రాస్ చేసిన తొలి పని కూడా తొట్టిలోని నీటిని పారబోయడమే కదా!