ఇంటి గడప దాటిన క్రిస్మస్ కానుక

1912 డిసెంబర్ 24. జపాన్‌లోని కోబె రేవులో ఆగి ఉన్న ఓడలో 72 ఏళ్ల అమెరికన్ మిషనరీ ఒకామె కన్నుమూసింది. తెల్లవారితే క్రిస్మస్. దాదాపు నలభై ఏళ్లు చైనాలో పరిచర్య చేసి, చిక్కి శల్యమై స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఆమె పేరు లాటీ మూన్.

1840లో అమెరికాలోని వర్జీనియాలో ఓ సంపన్న కుటుంబంలో ఆమె పుట్టింది. ఆ సంపద బానిసల చెమట మీద నిలిచిందన్న చేదు నిజాన్ని మనం దాచనక్కర్లేదు. తల్లి భక్తిపరురాలు. లాటీకి మాత్రం దేవుని సంగతులంటే చులకన. 1858లో, ఆమె కాలేజీలో చదువుకునే రోజుల్లో జరిగిన ఉజ్జీవ కూటాల్లో ఆమె హృదయం మారింది. దేవుణ్ణి వెదకని అమ్మాయిని దేవుడే వెదకి రక్షించాడు. ఆమె జీవితంలో మొదటి కానుక ఆమె ఇచ్చింది కాదు, ఉచితంగా పొందింది.

అంతర్యుద్ధంలో ఆ కుటుంబం సిరిసంపదలు కరిగిపోయాయి. టీచరుగా పనిచేస్తున్న లాటీ 1873లో చైనాకు వెళ్లింది. టెంగ్‌చౌ పట్టణంలో ఆడపిల్లలకు చదువు చెప్పింది. తెల్లవారిని దయ్యాలని పిలిచే ఊళ్లలో, దగ్గరికి రావడానికి జంకే పిల్లలకు తియ్యటి బిస్కెట్లు కాల్చి పెట్టి మచ్చిక చేసుకుంది. వాళ్ల భాష నేర్చుకుంది, వాళ్ల దుస్తులు వేసుకుంది. 1885లో పింగ్‌టు అనే లోపలి పట్టణానికి వెళ్లి వాళ్ల మధ్యే కాపురముంది. దేవుని కుమారుడు మనలాంటి శరీరంతో మన మధ్యకు దిగివచ్చాడన్న క్రిస్మస్ వర్తమానాన్ని ఆమె ముందు బతికి చూపించింది, ఆ తర్వాతే నోటితో చెప్పింది.

కోత విస్తారం, పనివారు కొద్దిమంది. అందుకే 1887లో ఆమె స్వదేశంలోని బాప్టిస్టు స్త్రీలకు ఓ విన్నపం రాసింది. ఇళ్లల్లో కానుకలు ఇచ్చిపుచ్చుకునే క్రిస్మస్ ముందటి వారాన్ని ప్రార్థనకు, సువార్త కోసం ఇచ్చే కానుకకు ప్రత్యేకించమని కోరింది. 1888లో ఆ స్త్రీలు కూడబెట్టింది 3,315 డాలర్లు. ఇద్దరు మిషనరీలను పంపాలనుకుంటే ముగ్గురికి సరిపోయింది. 1918 నుంచి ఆ కానుకకు ఆమె పేరే పెట్టారు. నేటికీ ఏటా క్రిస్మస్‌కు అది కొనసాగుతోంది.

ఆమె చివరి రోజుల్లో చైనాలో కరువు వచ్చింది. పంపే మిషన్ బోర్డు అప్పుల్లో ఉంది. ఆమె తన దగ్గరున్న డబ్బును ఆకలిగొన్నవారికి పంచింది. తన తిండి కూడా పెట్టేసి పస్తులుండి చనిపోయిందని చాలామంది చెబుతారు. చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరు. ఆ కథ లేకపోయినా ఆమె సాక్ష్యానికి లోటేమీ లేదు. నలభై ఏళ్ల జీవితాన్ని దాచుకోకుండా ఇచ్చిందన్నది మాత్రం సత్యం.

ఇస్తే నూరంతలు తిరిగొస్తుందంటూ కానుకను పెట్టుబడిగా మార్చే బోధలు ఈ రోజుల్లో మన చుట్టూ చాలా ఉన్నాయి. లాటీ మూన్‌కు తిరిగొచ్చిన ఆస్తి ఏమీ లేదు. ఆమె దేవునితో బేరమాడలేదు. ధనవంతుడైన క్రీస్తు మన కోసం దరిద్రుడయ్యాడని పౌలు రాశాడు (2 కొరింథీ 8:9). పశువుల తొట్టెలో దేవుడు పెట్టింది తన మిగులులోని భాగం కాదు, తన ఏకైక కుమారుణ్ణే. బదులు తీర్చలేని మనకు ఇచ్చాడు గనుకనే అది కృప అయింది.

కొత్త బట్టలు, స్టార్లు, కేకులు, సెమీ క్రిస్మస్ విందులు... మన క్రిస్మస్ ఖర్చుల లిస్టు ఏటేటా పెరుగుతూనే ఉంది. అందులో అన్నీ మన పేర్లు, మనకు తిరిగి ఇవ్వగలిగిన వాళ్ల పేర్లే ఉంటే పండుగ మన గడప దాటనట్టే. ప్రసంగ పీఠమెక్కే మనతో సహా, ఈసారి ఆ లిస్టును ఒక్కసారి ప్రార్థనతో చూసుకుందాం. తిరిగి ఇవ్వలేని ఒక్కరి పేరైనా అందులో రాసుకుందాం. ఒకప్పుడు దేవుని లిస్టులో మన పేరు అలాగే చేరింది మరి!