నొప్పి తెలియని నిద్ర: డాక్టర్ జేమ్స్ ఎస్డెయిల్ జీవితం

బోదకాలు, వరిబీజం అనే మాటలు వినని ఇల్లు ఉత్తరాంధ్ర తీరంలో అరుదు. దోమకాటు వలన శరీరంలో ప్రవేశించే ఫైలేరియా క్రిమి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పేదలను తరతరాలుగా పీడించింది. ఇట్టి వ్యాధుల వలన పెరిగిన బరువైన కంతులను, శస్త్రచికిత్సలో మత్తుమందు ఇంకా వాడుకలోనికి రాని దినాలలోనే, రోగికి నొప్పి తెలియకుండా తొలగించిన వైద్యుడొకరు వంగదేశంలోని హుగ్లీలో ఉండేవారు. మన జిల్లాల నుండి ఎందరో జూటు మిల్లుల పనికై వలసపోయిన హుగ్లీ తీరమే అది. ఆ వైద్యుని పేరు జేమ్స్ ఎస్డెయిల్. హిప్నాటిజం అనగానే ఇంద్రజాలికుని వేదికయే స్ఫురించే మన విద్యార్థులకు ఆయన జీవితాన్ని పరిచయం చేయడం ఉచితమని మేము తలచాము.

ఎస్డెయిల్ 1808లో స్కాట్లండ్‌లోని మాంట్రోజ్ పట్టణంలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య ముగించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి వంగదేశం వచ్చారు. కొంతకాలానికి హుగ్లీలోని ఇమాంబారా ఆసుపత్రి బాధ్యత ఆయనకు లభించింది. ఈ ఆసుపత్రి వెనుక ఒక మహాదాత ఉన్నారు. హాజీ మహమ్మద్ మొహ్సిన్ 1806లో తన ఆస్తిని ధర్మకార్యాలకై వక్ఫు చేసి, 1812లో పరమపదించారు. ఆ నిధి నుండియే 1836లో హుగ్లీ కళాశాల వెలసింది. ఆ నిధియే ఆసుపత్రిని పోషించింది. ఎస్డెయిల్ కీర్తికి నిలువ నీడనిచ్చినది ఒక ముస్లిం దాత ఔదార్యమని మనం మరువరాదు.

1845 ఏప్రిల్ 4వ తేదీన హుగ్లీ జైలు ఆసుపత్రిలో వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీకి ఆయన చికిత్స చేస్తున్నారు. చికిత్సతో ఆ రోగి విలవిలలాడిపోవడం చూచి ఆయన మనస్సు కరగింది. మెస్మెరిజం గురించి ఆయన పుస్తకాలలో చదివియుండిరే గాని, ఎవరైనా చేయగా కన్నులారా చూచి ఎరుగరు. అయినను ప్రయత్నించారు. రోగి ఎదుట కూర్చుండి, శరీరానికి తగిలీ తగలకుండా చేతులను పైనుండి క్రిందికి మాటిమాటికి కదిపారు. చాలాసేపటికి రోగి గాఢమైన నిద్రావస్థలోనికి జారుకున్నాడు. సూదితో గ్రుచ్చినను చలించలేదు.

అటుపై ఎనిమిది మాసాలలో నొప్పి లేకుండా 73 శస్త్రచికిత్సలు చేసినట్లు 1846లో ప్రకటించిన గ్రంథంలో ఆయన లెక్క చూపారు. చీకటి గదిలో రోగిని పరుండబెట్టి, గంటకు పైగా, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి ఈ క్రియ సాగించవలసి వచ్చేది. ఆ శ్రమను మోసినవారు ఆసుపత్రిలోని హిందూ, ముస్లిం యువ సహాయకులు. చరిత్రలో వారికి దక్కవలసిన స్థానం దక్కలేదని మేము భావిస్తున్నాము.

దొరగారి మెప్పుకై రోగులు నొప్పిని దాచుకొంటున్నారని కొందరు వైద్యులు ఎగతాళి చేశారు. ఎస్డెయిల్ కోపగించక, పరీక్షించుమని ప్రభుత్వాన్ని కోరారు. నియమితమైన సంఘం పరిశీలించి అనుకూలంగా నివేదిక నివ్వగా, 1846 నవంబరులో కలకత్తాలో ప్రయోగాత్మకంగా ఒక ఆసుపత్రి ఏర్పడింది. గడువు ముగిసి అది మూతపడగా, 1848లో పౌరుల చందాలతో మరొకటి తెరువబడింది. కాని కాలం ఎదురుతిరిగింది. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్, 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫారం రంగప్రవేశం చేశాయి. నిమిషాలలో పనిచేసే మందు దొరికిన పిమ్మట, గంటల శ్రమను ఎవరు కోరుదురు? ఎస్డెయిల్ 1851లో భారతదేశాన్ని విడిచి, 1859లో ఇంగ్లండులో కన్నుమూశారు.

ఆయన చూచినది సత్యమే. చెప్పిన కారణం మాత్రం సత్యం కాదు. వైద్యుని దేహం నుండి రోగిలోనికి ఏదో సూక్ష్మశక్తి ప్రవహిస్తుందని మెస్మర్ వలెనే ఆయనయు నమ్మారు. అట్టి ప్రవాహానికి ఆధారం లేదని 1784లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ సభ్యుడుగా గల ఫ్రెంచి సంఘం తేల్చింది. గోవాలో జన్మించిన అబ్బే ఫారియా 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, శక్తి వైద్యునిలో కాక, నిద్రించువాని మనస్సులోనే ఉన్నదని బోధించారు. ఆయన పద్ధతి స్థిరమైన ఆజ్ఞ. ఇంగ్లండులో జేమ్స్ బ్రెయిడ్ చూపును ఒక మెరిసే వస్తువుపై నిలుపజేసి, 1843లో హిప్నాటిజం అనే పేరును ప్రచారం చేశారు. ఇరవయ్యవ శతాబ్దిలో అమెరికా వైద్యుడు మిల్టన్ ఎరిక్సన్ ఆజ్ఞను విడిచి, కథల ద్వారా, పరోక్ష సూచనల ద్వారా రోగిని నడిపించారు. చేతి కదలిక, ఆజ్ఞ, చూపు, కథ: మార్గాలు వేరైనను, ఏకాగ్రతయు, సూచనయు అన్నింటికి సామాన్యం.

నేడు ఈ విద్య వైద్యానికి తోడుగా నిలిచింది. నొప్పిని, చికిత్సకు ముందుండే భయాందోళనలను తగ్గించుటకు ఇది ఉపకరిస్తుంది. మందులకు లొంగని పేగుల బాధలో దీనిని పరిశీలించవచ్చునని బ్రిటన్ ఆరోగ్యసంస్థ 2008లో సూచించింది. అయితే అందరిలోను సమానంగా పనిచేయదు. క్రిమిని చంపదు, కంతిని కరగించదు. మరచిన సంగతులను నిద్రలో వెలికితీయగలమనుట ప్రమాదకరం. లేని జ్ఞాపకాలు పుట్టుకొచ్చే అవకాశమున్నది. బోదకాలు నిర్మూలనకు మాత్రలు మ్రింగవలసినదే, దోమలను అరికట్టవలసినదే.

ఎస్డెయిల్ తొలి రోగి ఒక ఖైదీ. కాదనే స్వేచ్ఛ అతనికి ఎంత ఉండెనో ఊహించుట కష్టం కాదు. నేటి వైద్యం రోగి సమ్మతిని మొదటి షరతుగా కోరుతున్నది. ఇది మనం సాధించిన పురోగతి. ఎస్డెయిల్ నుండి గ్రహించవలసిన గుణమును ఉన్నది: పరుల బాధను చూచి ఊరకుండక పోవుట, చేసినది లెక్క వ్రాసి లోకం ముందు పెట్టుట, పరీక్షకు వెనుదీయకుండుట. వింతను చూచినప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకొనక, మూఢంగా కొట్టివేయక, నిజమేమో విచారించే యువకులు మన కళాశాలల నుండి బయలుదేరాలని మా ఆకాంక్ష.