విహారనౌకల పితామహుడు ఆల్బర్ట్ బాలిన్

నేటి దినములలో విహారార్థము సముద్రయానము చేయుట సామాన్యమైన సంగతి. శీతకాలము రాగానే ఐరోపా, అమెరికా ఖండములనుండి వేలకొలది జనులు ఓడలెక్కి, వెస్టిండియా ద్వీపముల వంటి ఉష్ణమండల ప్రదేశములకు పోయి, వింతలు చూచి, మరల అదే ఓడలో స్వస్థలములకు చేరుచున్నారు. మన విశాఖపట్టణమునందును విహారనౌకల ప్రయాణికుల కొరకు 2023వ సంవత్సరమున ఒక క్రొత్త రేవుమందిరము ప్రారంభింపబడెను. ఇట్టి ప్రయాణమునకు ఎట్టి ఓడ తగినది? పెద్దదా, చిన్నదా? మిక్కిలి వేగము గలదా, నెమ్మదిగా సాగునదా? చూపులకు ఇంపైనదా, తుపానుకు నిలుచునదా? ఈ ప్రశ్నలను తన కంపెనీ ధనమును, తన పేరును పణముగా నొడ్డి విచారించి, వానికి ఉత్తరము కనుగొనిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశపు ఆల్బర్ట్ బాలిన్. అతని జీవితము ఓడల కథయే గాక, మానవుల అక్కరల నెరిగిన యొక మనుష్యుని కథ కూడ.

బాలిన్ 1857వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని హాంబర్గు నగరమున ఒక యూదుల కుటుంబమున జన్మించెను. తలిదండ్రులకు అనేకమంది బిడ్డలు. వారిలో ఇతడు కడపటివాడు. ఇంటిలో కలిమి లేదు. అతని తండ్రి రేవు సమీపమున ఒక చిన్న కచేరిలో, అమెరికాకు వలసపోవు జనులకు ఓడ టిక్కెట్లు అమ్ము వ్యాపారమున భాగస్వామిగా నుండెను. తూర్పు ఐరోపా గ్రామములనుండి బీదజనులు మూటలు నెత్తిన బెట్టుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని ఆ రేవునకు వచ్చుచుండిరి. పూర్వము మన కాకినాడ, కోరంగి ప్రాంతములనుండి రంగూనుకు ఓడలలో పోయిన కూలిజనులను గూర్చి పెద్దలవలన వినియున్నవారికి ఆ దృశ్యము కొంత బోధపడగలదు. బాలిన్ బాల్యము ఈ జనుల నడుమనే గడచెను.

1874వ సంవత్సరమున తండ్రి మరణించెను. అప్పటికి బాలిన్ పదునేడేండ్ల బాలుడు. అంత చిన్న వయస్సుననే కచేరి భారమును వహింపవలసివచ్చెను. అతడు ఆంగ్లభాషను చక్కగా నేర్చి, పగలెల్ల పనిచేసి, వ్యాపారమును క్రమముగా వృద్ధిపరచెను.

ఆ కాలపు పెద్ద ఓడలలో బీద ప్రయాణికుల స్థితి దుర్భరముగా నుండెను. పైతరగతుల వారికి విశాలమైన డెక్కులు, గాలి వెలుతురు గల గదులు; బీదవారికి ఓడ అడుగుభాగమున చీకటి కొట్లు. 1881వ సంవత్సరమున బాలిన్, కార్ అను నౌకావర్తకునితో ఒక ఒడంబడిక చేసికొనెను. కార్ ఓడలు సరకులతో పాటు వలసజనులను మాత్రమే తీసికొనిపోవును. వానిలో పైతరగతులు లేవు. కావున డెక్కు యావత్తును బీదవారిదే. వారు స్వేచ్ఛగా పైకి వచ్చి గాలి పీల్చుకొని నడువవచ్చును. ఓడలు సాధారణమైనవే, వేగమును తక్కువే. అయినను టిక్కెట్టు ధర స్వల్పమగుటచేతను, ప్రయాణము సుఖకరమగుటచేతను జనులు ఆ యోడల నే కోరుకొనిరి. ప్రయాణికునకు కావలసిన దేదియో మొదట తెలిసికొని, పిదప ఓడను ఏర్పరచుకొనవలెనను సూత్రము బాలిన్‌కు ఇచ్చటనే పట్టువడెను.

ఈ పోటీవలన హాంబర్గు అమెరికా కంపెనీ అను గొప్ప నౌకాసంఘమునకు నష్టము కలిగెను. ఆ సంఘమువారు బుద్ధిమంతులై, పోరుటకు బదులు 1886వ సంవత్సరమున ఆ యువకునే తమ ప్రయాణికుల శాఖకు అధికారిగా నియమించుకొనిరి. రెండేండ్లకు అతడు నిర్వాహకులలో నొకడయ్యెను; 1899వ సంవత్సరమున ప్రధాన నిర్వాహక పదవి నలంకరించెను.

బాలిన్ ప్రోత్సాహమున కంపెనీవారు శీఘ్రగమనము గల క్రొత్త ఓడలను కట్టించిరి. వానిలో మొదటిది ఆగస్టా విక్టోరియా. 1889వ సంవత్సరమున అది న్యూయార్కుకు తొలి ప్రయాణము చేసెను. దానికి రెండు చుక్కానిచక్రములు కావు, రెండు మరచక్రములు నీటిని త్రోయుటకై అమర్పబడెను. ఒకటి చెడినను రెండవదానితో ఓడ రేవు చేరగలదు. అయితే ఒక చిక్కు కలదు. చలికాలమున అట్లాంటికు మహాసముద్రము తుపానులతో నిండి యుండును. పైతరగతి ప్రయాణికులు బహు కొద్ది. అంత విలువగల ఓడ నెలలతరబడి రేవునందు ఊరకుండిన యెడల నష్టమే గాని లాభము లేదు. అప్పుడు బాలిన్‌కు ఒక యోచన తోచెను. చలిదేశపు ధనికులను ఆ యోడలోనే దక్షిణపు వెచ్చని తీరములకు విహారార్థము తీసికొనిపోయిన నేమి? సహోద్యోగులలో కొందరు దీనిని వెర్రిగా నెంచిరి. అతడు వెనుదీయలేదు.

1891వ సంవత్సరము జనవరి 22వ తేదీని ఆగస్టా విక్టోరియా 241 మంది ప్రయాణికులతో కుక్స్‌హాఫెన్ రేవునుండి బయలుదేరెను. బాలిన్ తన భార్యతో కూడ ఆ యోడలోనే ప్రయాణము చేసెను. రెండు నెలలలో వారు మధ్యధరా సముద్రతీరములను చుట్టి, ఐగుప్తును, పరిశుద్ధదేశమును, కాన్‌స్టాంటినోపిలును, ఏథెన్సును చూచి, మార్చి నెలలో క్షేమముగా తిరిగివచ్చిరి. యాత్ర జయప్రదమాయెను. అంతకు పూర్వమును విహారార్థము ఓడలు నడచియుండినను, పెద్ద కంపెనీ యొకటి ఏటేట క్రమముగా నడపు వ్యాపారముగా ఇది స్థిరపడుటకు బాలిన్ యే ముఖ్యకారకుడు. తరువాత కొలదికాలమునకే ఆ కంపెనీ ఓడలు వెస్టిండియా ద్వీపములకును విహారయాత్రలు సాగించెను.

బాలిన్ ఓడలో కూర్చుండి దృశ్యములు చూచి సంతోషించుటతో తృప్తినొందువాడు కాడు. ప్రయాణమందెల్ల చిన్న పుస్తకమొకటి చేతబట్టుకొని, లోపము కనబడినప్పుడెల్ల వ్రాసికొనుచుండెను. భోజనబల్లమీది రొట్టె వేడిగా నున్నదా లేదా యనునంత స్వల్పవిషయము సైతము అతని దృష్టిని తప్పించుకొనలేదు. కాలక్రమమున అతనికొక సత్యము స్పష్టమాయెను. అట్లాంటికును శీఘ్రముగా దాటుటకు కట్టిన ఓడ ఉష్ణమండల విహారమునకు సరిగా తగదు. దాని యంత్రములు విస్తారముగా బొగ్గును మ్రింగును. విహారమునకు అంత వేగముతో పనిలేదు. అది నీటిలో లోతుగా మునుగును. లోతు తక్కువైన చిన్న రేవులలోనికి పోజాలదు. అడుగుభాగమున బీదజనుల కొరకు కట్టిన స్థలమెల్ల విహారయాత్రలో వ్యర్థము. చలిగాలి చొరకుండ మూసికట్టిన ఓడలో వెచ్చని సముద్రముమీద గాలియాడదు.

కావున విహారము కొరకే ఒక క్రొత్త ఓడను కట్టించుటకు అతడు నిశ్చయించెను. 1900వ సంవత్సరము జూన్ 29వ తేదీని హాంబర్గున ఆ యోడ జలప్రవేశము చేసెను. చక్రవర్తి కుమార్తె పేరిట దానికి ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిసె అని నామకరణము చేసిరి. విహారయాత్ర కొరకే ప్రత్యేకముగా కట్టబడిన మొదటి ఓడ ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. దాని పరిమాణము సుమారు 4,400 టన్నులు మాత్రమే. ఆగస్టా విక్టోరియా 7,600 టన్నులకు మించియుండెను. తెల్లని రంగుతో, రాజుల విలాసనౌకవలె వాడియైన ముక్కుతో అది సొంపుగా నుండెను. అందులో 120 గదులు. అన్నియు మొదటి తరగతివే. పుస్తకశాల, వ్యాయామశాల, ఛాయాపటములు తీయువారి కొరకు చీకటిగది కూడ నుండెను. 1901వ సంవత్సరారంభమున అది న్యూయార్కునుండి వెస్టిండియా ద్వీపములకు పోయెను.

అయితే ఎంత తగిన ఓడయైనను నడుపువాని జాగ్రత్తకు మారు కాజాలదు. 1906వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీ రాత్రి, ఆ యోడ జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ రేవును సమీపించుచుండగా, కప్తాను ఒక దీపస్తంభమును చూచి మరియొకటి యని భ్రమపడెను. ఓడ పోయి రాళ్లపై కూర్చుండెను. ప్రయాణికులందరు క్షేమముగా ఒడ్డు చేరిరి; కాని కప్తాను ఆ దుఃఖమును భరింపజాలక ఆత్మహత్య చేసికొనెను. ఓడ మరల తేలలేదు. బహు శ్రమతో నిర్మించిన సుందరనౌక ఆరేండ్లకే నశించెను.

బాలిన్ ఈ యాపదచేత విహారయాత్రలను మానలేదు. అప్పటికే 1904వ సంవత్సరమున మెటెయోర్ అను మరింత చిన్న ఓడను నీటికి దింపియుండెను. అందులో ధరలు తక్కువ. మహాధనికులు కాని మధ్యతరగతి వారును పోవచ్చును. పిమ్మట డాయిచ్‌లాండ్ అను పెద్ద ఓడపై అతని దృష్టి ప్రసరించెను. ఈ యోడ 1900వ సంవత్సరమున అట్లాంటికును అందరికంటె వేగముగా దాటి కీర్తి సంపాదించెను. కాని ఆ వేగమునకు ఓడ యంతయు అదరుచుండుటచేత లోనివారికి నిద్రాహారములు కష్టమయ్యెను. బాలిన్ దాని యంత్రబలమును తగ్గించి, గదులను మార్పించి, 1911వ సంవత్సరమున దానినే విక్టోరియా లూయిసె అను విహారనౌకగా చేసెను. కీర్తి తెచ్చిన గుణమే సుఖమునకు విఘ్నమగునప్పుడు దానిని విడిచిపెట్టుటకు అతడు సందేహింపలేదు.

ధనికుల విహారములందు మునిగి బాలిన్ బీదవారిని మరచెనా యని అడుగవచ్చును. మరవలేదు. 1892వ సంవత్సరమున హాంబర్గున కలరా వ్యాపించి ఎనిమిదివేలమందికి పైగా చనిపోయిరి. తూర్పునుండి వచ్చిన వలసజనులే రోగమును తెచ్చిరని నగరవాసులు వారిని నిందించిరి. కంపెనీవారు ఆ జనుల కొరకు వేరుగా వసతులు ఏర్పరచవలసివచ్చెను. 1901వ సంవత్సరమున వెడ్డెల్ అను దీవిపై గొప్ప వలసశాలలు తెరవబడెను. అందు వైద్యపరీక్ష, స్నానము, శుభ్రమైన పడకలు, భోజనము నుండెను. యూదులకు వారి ధర్మము చొప్పున వేరు వంటశాలయు, ఆయా మతస్థులకు ప్రార్థనాస్థలములును ఉండెను. ఇందు వ్యాపారలాభము లేకపోలేదు. అయినను తండ్రి కచేరి వాకిట మూటలతో నిలిచిన జనులను బాలిన్ మనుష్యులనుగా చూచెనని ఈ శాలలు సాక్ష్యమిచ్చుచున్నవి.

కాలముతో కూడ కంపెనీ పెరిగి, ప్రపంచములోకెల్ల పెద్ద నౌకాసంఘమాయెను. బాలిన్ అప్పుడు మహాకాయములైన మూడు ఓడలను కట్టించెను. వానిలో మొదటిదైన ఇంపెరాటర్ 52,000 టన్నులకు మించినది. 1913వ సంవత్సరమున ప్రయాణమారంభించెను. అయితే పైభాగమున పాలరాతి స్నానశాలలు, బరువైన సామానులు విశేషమగుటచేత అది ప్రక్కలకు మిక్కిలి ఒరగుచుండెను. ఆ చలికాలముననే పాలరాతిని తీసివేసి, బరువు సామానులకు మారుగా పేము కుర్చీలు వేసి, పొగగొట్టముల ఎత్తు తగ్గించి, అడుగున 2,000 టన్నుల సిమెంటు పోసి ఓడను స్థిరపరచిరి. పైన శృంగారము, అడుగున తేలికయైన ఓడ నిలువదని ఈ సంగతి యెల్లవారికి బోధించెను.

జర్మనీ చక్రవర్తి బాలిన్‌ను స్నేహితునిగా ఆదరించెను. అయినను బాలిన్ యూదుడగుటచేత ఆస్థానమున అతనిని గేలిచేయువారు లేకపోలేదు. అతడు పదవి కొరకు తన పితరుల మతమును విడువలేదు. సముద్రవ్యాపారము శాంతిపై నిలుచునని యెరిగినవాడు గనుక, జర్మనీకి ఇంగ్లాండునకు నడుమ యుద్ధనౌకల పోటీ తగ్గవలెనని యత్నించెను. 1912వ సంవత్సరమున లండనునుండి హాల్డేన్ అను మంత్రి బెర్లినుకు వచ్చుటలో బాలిన్ చేయి కలదు. 1914వ సంవత్సరము జూలైలో తానే లండనుకు పోయి అచ్చటి మంత్రులతో మాటలాడెను. ఫలము లేకపోయెను. ఆగస్టులో యుద్ధము వచ్చెను. ఓడలు పరదేశపు రేవులలో చిక్కుకొనెను. తక్కినవి హాంబర్గున కదలక నిలిచెను. ఏనాడు విహరించుటకు, వలసపోవుటకు కట్టబడినవో, వానిలో కొన్ని సైనికులను మోసెను.

1918వ సంవత్సరము సెప్టెంబరులో బాలిన్ చక్రవర్తిని దర్శించి, సంధి చేసికొనవలసిన సమయము వచ్చెనని తెలియజేయ బూనెను. కాని ఆ మాట సఫలము కాలేదు. నవంబరులో దేశమున విప్లవము చెలరేగెను. చక్రవర్తి సింహాసనమును కోల్పోయిన నవంబరు 9వ తేదీననే, నిద్రమందు అధికముగా సేవించుటవలన బాలిన్ హాంబర్గున మరణించెను. అతని వయస్సు అరువదియొక్క సంవత్సరములు. యుద్ధానంతరము అతని మూడు మహానౌకలును పరదేశస్థుల పాలయ్యెను. 1947వ సంవత్సరమున హాంబర్గు వారు తమ నగరపు ముఖ్యవీధి యొకదానికి అతని పేరు పెట్టిరి. వలసశాలలుండిన స్థలమున 2007వ సంవత్సరమున ఒక ప్రదర్శనశాల తెరవబడెను.

విద్యార్థులారా, మీలో కొందరు పెద్దవారై ఓడలెక్కి దూరద్వీపములకు పోవచ్చును. అప్పుడు ఓడయొక్క పొడవును, పేరును, గోడల బంగారు పూతను చూచి భ్రమపడకుడు. ఈ యోడ ఏ పనికొరకు కట్టబడినది? మేము చూడగోరు రేవులలోనికి పోగలదా? ఎండవేళ గాలి వచ్చునా? దాని అడుగు స్థిరమైనదా? నడుపువారు జాగరూకులా? ఇవి బాలిన్ నష్టములనుభవించి నేర్చుకొనిన ప్రశ్నలు. ఓడను గూర్చియే గాక, చదువును, వృత్తిని, స్నేహమును ఎన్నుకొనునప్పుడును ఇవి పనికివచ్చును. మెరుపును చూచి కాక, దేనికొరకు ఎన్నుకొనుచున్నామో యెరిగి ఎన్నుకొనువాడే ధన్యుడు.