ఫొటో ఇప్పుడే ఎందుకు కనిపించదు?
స్ఫూర్తిదాతలు: ఎడ్విన్ ల్యాండ్ (1909–1991)



సెలవుల్లో బీరువా సర్దుతుంటే, ఎప్పుడో గల్ఫ్ నుంచి బాబాయో మామయ్యో తెచ్చిన పోలరాయిడ్ కెమెరా మీ ఇంట్లో బయటపడిందా? మీట నొక్కగానే ముందునుంచి ఫొటో కాగితం బయటికి వచ్చే కెమెరా అది. మన కొడవలూరు కొట్లలో దానికి ఫిల్మ్ దొరకదు. అయినా పాత సామాన్లకు వేసేయకండి. ముందు దాన్ని కనిపెట్టిన మనిషి కథను పిల్లలతో కలిసి చదవండి.

అల్లరి పిల్లాడు

ఎడ్విన్ ల్యాండ్ 1909 మే 7న అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో పుట్టారు. చిన్నప్పుడే ఇంట్లో ఫ్యూజులన్నీ ఒకేసారి ఎగరగొట్టారని చెబుతారు. కొంచెం పెద్దయ్యాక ఆయన ధ్యాసంతా వెలుతురు మీదకు మళ్లింది.

రాత్రిపూట మన హైవే మీద ఎదురొచ్చే లారీ దీపాలు మీ కళ్లను ఎలా చెదరగొడతాయో మీకు తెలుసు. ఆ మిరుమిట్లను తగ్గించాలన్నదే ల్యాండ్ పట్టుకున్న మొదటి సమస్య. 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన కొన్ని నెలలకే చదువు ఆపి న్యూయార్క్ వెళ్లారు. పగలు పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలు చదివేవారు. రాత్రిళ్లు కొలంబియా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలోకి చడీచప్పుడు లేకుండా వెళ్లి ప్రయోగాలు చేసుకునేవారు. చివరికి వెలుతురును వడకట్టే పలుచని పొరను తయారుచేశారు. కార్ల కంపెనీలు దాన్ని హెడ్‌లైట్లకు వాడలేదు కానీ చలువ కళ్లద్దాలకు అది బాగా పనికొచ్చింది. 1937లో పోలరాయిడ్ కంపెనీ మొదలైంది.

హార్వర్డ్‌కు మళ్లీ వెళ్లినా ఆయన డిగ్రీ పూర్తి చేయలేదు. ఇది చదివి మీ పిల్లలు చదువు మానేస్తామంటే ఒప్పుకోకండి! ఆయన వదిలింది కాలేజీని. పుస్తకాన్ని, ప్రయోగశాలను కాదు.

మూడేళ్ల పాప

1943లో ల్యాండ్ కుటుంబంతో కలిసి సెలవులకు సాంటాఫే వెళ్లారు. అక్కడ మూడేళ్ల కూతురు జెన్నిఫర్‌కు ఫొటో తీశారు. ఆ ఫొటో తనకు ఇప్పుడే ఎందుకు కనిపించదని పాప అడిగింది. ఫిల్మ్ కడగాలి, ప్రింట్ వేయాలి, అందుకు రోజులు పడుతుందని చెప్పి ఆ మాట దాటవేయవచ్చు. మనలో చాలామందిమి అదే చేస్తాం. ల్యాండ్ మాత్రం ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని ఊళ్లో ఒంటరిగా నడవసాగారు. గంటసేపట్లో కెమెరా, ఫిల్మ్, రసాయనం ఎలా ఉండాలో ఆయన మనసులో ఒక రూపుకు వచ్చేశాయి.

ఆలోచనకు గంట పట్టింది, పనికి మాత్రం ఏళ్లు పట్టాయి. ఫొటో అంచున ఒక చిన్న సంచిలో రసాయనం ఉంటుంది. కాగితం రెండు రోలర్ల మధ్య నలిగి వచ్చేటప్పుడు ఆ సంచి పగిలి, రసాయనం సమానంగా పరుచుకుంటుంది. చీకటి గదిలో జరగాల్సిన పనంతా ఆ కాగితంలోనే జరిగిపోతుంది. 1947 ఫిబ్రవరిలో ల్యాండ్ దీన్ని శాస్త్రవేత్తల ముందు చేసి చూపించారు. 1948 నవంబరు 26న బాస్టన్‌లోని ఒక దుకాణంలో అమ్మకానికి పెట్టిన కెమెరాలన్నీ ఆ ఒక్కరోజే అయిపోయాయి.

అప్పట్లో నిమిషం ఆగి, పై కాగితాన్ని ఒలిచి ఫొటో చూడాల్సి వచ్చేది. రంగుల ఫిల్మ్ 1963లో వచ్చింది. ఒలిచే పని లేకుండా, చేతిలో ఉండగానే బొమ్మ తేలే ఎస్ఎక్స్-70 కెమెరా 1972లో వచ్చింది. అప్పటికి జెన్నిఫర్‌కు ముప్పై ఏళ్లు దాటాయి!

వినని మాట

ల్యాండ్ పేరిట 535 అమెరికా పేటెంట్లు ఉన్నాయి. చరిత్ర, కళలు చదివిన అమ్మాయిలను కూడా ఆయన ప్రయోగశాలలోకి తీసుకున్నారు. అలా వచ్చిన మెరో మోర్స్ నలుపు తెలుపు ఫిల్మ్ పరిశోధనకు సారథి అయ్యారు.

అంతటి మనిషీ పొరబడ్డారు. 1977లో పోలావిజన్ అనే ఇన్‌స్టంట్ సినిమా పరికరాన్ని పట్టుబట్టి తెచ్చారు. అందులో సినిమా సుమారు రెండున్నర నిమిషాలే, శబ్దం ఉండదు. అదే సమయంలో వీడియో క్యాసెట్ వచ్చేసింది. నష్టం పెద్దదైంది. మూడేళ్ల పాప మాట విన్న మనిషి, మారుతున్న కాలం మాట వినలేకపోయారు. 1982లో తన సొంత కంపెనీ నుంచే బయటికి వచ్చేశారు. 1991 మార్చి 1న కన్నుమూశారు.

తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. 2001లో కంపెనీ దివాలా తీసింది. ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు 2008లో ప్రకటించింది. కథ అక్కడితో ముగియాల్సింది. కానీ నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీలో పాత ఉద్యోగులు కొందరు యంత్రాలను కాపాడుకున్నారు. వాళ్లకు కావలసిన రసాయనాలు కొన్ని అప్పటికే ఎక్కడా తయారవడం లేదు. పాత సూత్రం పనికిరాక కొత్తది కనిపెట్టి, 2010లో మళ్లీ ఫిల్మ్ తెచ్చారు. ఇవాళ ఆ ఫిల్మ్ పోలరాయిడ్ పేరుతోనే దొరుకుతోంది.

ఇంట్లో చేసి చూడండి

పాత కెమెరా ఉంటే, దాని మీద 600 అని ఉందో ఎస్ఎక్స్-70 అని ఉందో చూసి అదే రకం ఫిల్మ్ ఆన్‌లైన్‌లో తెప్పించండి. కెమెరాకు కావలసిన బ్యాటరీ ఆ ఫిల్మ్ డబ్బాలోనే ఉంటుంది. కొత్త కెమెరాల కోసం చేసిన ఐ-టైప్ ఫిల్మ్‌లో బ్యాటరీ ఉండదు, అది కొనకండి. ముందుగా రోలర్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఫిల్మ్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. మన రోహిణీకార్తె ఎండల్లో తీస్తే రంగులు పసుపెక్కుతాయి. ఉదయం చల్లటిపూట తీయండి. బయటికి రాగానే ఫొటోను విదిలించకుండా, వెలుతురు తగలకుండా బోర్లా పెట్టి పావుగంట ఆగండి.

ఒక డబ్బాలో ఎనిమిది ఫొటోలే వస్తాయి, ధర కూడా ఎక్కువే. ఫోన్‌లో వందల ఫొటోలు తీసే మీ అబ్బాయో అమ్మాయో ఇక్కడ ప్రతి ఫొటోకూ ముందు బాగా చూస్తారు, ఆలోచిస్తారు, ఆ తర్వాతే మీట నొక్కుతారు. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. ఈ నెల మీ పిల్లలు అడిగిన ప్రశ్నల్లో మీరు జవాబు చెప్పలేక దాటవేసిన ఒకదాన్ని డైరీలో రాయండి. ఆదివారం ఒక గంట దానికోసం పెట్టి, ఇద్దరూ కలిసి జవాబు వెతకండి.