కాగితం మీద నడిచిన ప్రోగ్రామ్

చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాయాలంటే ఏ కంపైలర్ కొనాలి, ఎంతవుతుంది అని మన బడి పిల్లలు నన్ను అడుగుతుంటారు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చేదే కంపైలర్. ధర సంగతికి ముందు వాళ్లకు అలన్ ట్యూరింగ్ గురించి చెబుతాను.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. తండ్రి మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. తల్లివైపు తాత మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తల్లిదండ్రులు ఇక్కడుంటే, పిల్లలు ఇంగ్లండులో పరాయి ఇళ్లలో పెరిగారు.

1936లో, కంప్యూటర్లు ఇంకా పుట్టకముందే, లెక్కలు చేసే యంత్రం ఎలా ఉండాలో ఒక వ్యాసంలో చూపించారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా రహస్య సంకేతాలను ఛేదించడంలో ముందు నిలిచారు.

1948లో మిత్రుడు ఛాంపర్‌నౌన్‌తో కలిసి చదరంగం ప్రోగ్రామ్ తయారుచేశారు. బంటుకు 1, గుర్రానికి 3, ఏనుగుకు 5, మంత్రికి 10 విలువ కట్టారు. దాన్ని నడిపే కంప్యూటర్ లేదు, కంపైలర్ అసలే లేదు. అందుకని 1952లో తానే యంత్రమై, కాగితం మీద లెక్కవేస్తూ ఎలిక్ గ్లెనీతో ఆడారు. ఒక్కో ఎత్తుకు దాదాపు అరగంట పట్టింది. 29వ ఎత్తులో ప్రోగ్రామ్ ఓడిపోయింది. అదే ఏడాది ఆ గ్లెనీయే మాంచెస్టర్ కంప్యూటర్‌కు ఆటోకోడ్ రాశారు. తొలి కంపైలర్లలో అదొకటి.

స్వలింగ సంబంధం నేరమని 1952లోనే కోర్టు ట్యూరింగ్‌ను శిక్షించింది. జైలుకు బదులు హార్మోన్ల చికిత్స ఇచ్చారు. ప్రభుత్వ రహస్య పనులకు దూరం చేశారు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సైనైడ్ వల్ల కన్నుమూశారు. 2013లో గానీ ఆయనకు రాజక్షమాపణ దక్కలేదు.

మా 1986 టెన్త్ బ్యాచ్‌లో పై చదువులకు వెళ్లినవాళ్లకు కంపైలర్ కొనే స్తోమత లేదు. ల్యాబులో వారానికి రెండు గంటలే దొరికేవి. మిగతా రోజులు నోటుపుస్తకంలోనే ప్రోగ్రాములు రాసుకునేవాళ్లం. 1987లో వచ్చిన జీసీసీ లాంటి మంచి కంపైలర్లు ఇవాళ పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి.

కాబట్టి పిల్లలూ, ధర గురించి బెంగ వద్దు. ముందు మీ నియమాలు కాగితం మీద రాసి, వాటి ప్రకారమే స్నేహితుడితో ఒక ఆట ఆడి చూడండి. ఎక్కడ చిక్కుపడ్డారో అక్కడ దిద్దుకోండి. కంపైలర్ పని ఆ తర్వాతే.