పీయూషగ్రంథి మహిమను తెలిపిన హౌసే మహాశయుడు

మన చింతాద్రిపేట చేపల అంగడి నెఱుగనివారు మనలో లేరు. ఈ నగరమునకు వచ్చు బొచ్చె, శీలావతి చేపలలో ఆంధ్రదేశపు చెఱువులలో పెరిగినవి అనేకములు. ఈ జాతులు చెఱువునీట చక్కగా పెరుగును గాని, నిలువనీటిలో తమంత తాము గ్రుడ్లు పెట్టవు. వానకాలమున నదికి క్రొత్తనీరు వచ్చినపుడే పెట్టును. మరి చెఱువులకు ఇన్ని పిల్లలు ఎట్లు లభించుచున్నవి? ఈ ప్రశ్న వెంట పోయినచో మనము దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమును చేరుదుము.

బెర్నార్డో అల్బెర్టో హౌసే 1887 ఏప్రిల్ 10న బ్యూనస్ ఎయిరిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు ఫ్రాన్సు దేశమునుండి వచ్చినవారు, బాల్యమున చదివినది బ్రిటిషు పాఠశాల, దేశభాష స్పానిషు. పదునేడవ యేట ఔషధశాస్త్రమున పట్టము పొంది, 1911లో వైద్యుడయ్యెను. 1919లో ఆ నగర విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యెను.

మెదడు అడుగున శనగగింజంత పీయూషగ్రంథి కలదు. ఆయన జీవితకాలమంతయు ఈ చిన్ని గ్రంథికే అంకితమయ్యెను. కుక్కలలోను, గోదురుకప్పలలోను దానిని తొలగించి పరిశీలించి, రక్తములోని చక్కెరపై దాని అధికారమెట్టిదో నిరూపించెను. 1930లో ఒక జాతి చేప పీయూషగ్రంథిని తీసి, పిల్లలను కను మఱియొక చిన్నచేపకు ఎక్కించెను. ఆ చేప నెలలు నిండకమునుపే పిల్లలను కనెను. చేపల సంతానము గ్రంథిరసము ఆజ్ఞకు లోబడునని ఇట్లు తేలెను. కొలది యేండ్లకే బ్రెజిలు శాస్త్రజ్ఞులు ఈ మార్గముననే చేపలచే గ్రుడ్లు పెట్టించిరి.

ఈ వ్యవస్థ యెట్టిదన, మెదడులోని హైపోథలామస్ అను భాగము ఋతువును, నీటి మార్పును గ్రహించి ఒక హార్మోనును విడుచును. అది పీయూషగ్రంథిని మేల్కొల్పును. ఆ గ్రంథి రసము రక్తమున కలసి అండాశయమును చేరి గ్రుడ్లను పక్వము చేయును. నిలువనీట ఈ ఆజ్ఞ వెలువడదు. సూదిమందు ఆ లోపమును పూరించును.

హౌసే జీవితము సుఖముగా సాగలేదు. 1943లో సైనిక ప్రభుత్వ కాలమున, ప్రజాస్వామ్యమును కోరు ప్రకటనపై సంతకము చేసినందుకు ఉద్యోగము పోయెను. విదేశములనుండి ఆహ్వానములు వచ్చినను ఆయన స్వదేశమును వీడలేదు. దాతల సాయముతో 1944లో శిష్యులతో కలిసి స్వంత పరిశోధనాలయమును నెలకొల్పెను. 1945లో తిరిగి పదవి లభించినను, మరుసటి యేడు మరల పోయెను. 1947లో నోబెల్ బహుమానము లభించినపుడు ఆయన విశ్వవిద్యాలయము వెలుపలనే యుండెను. విజ్ఞానశాస్త్రములలో ఆ బహుమానమును పొందిన లాటిన్ అమెరికా వాసులలో ఆయనయే ప్రథముడు. 1955లో పదవి మరల దక్కెను. ఆయన పరిశోధనాలయమున పెరిగిన లెలోయిర్ 1970లో నోబెల్ బహుమానము నందెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 21న హౌసే పరమపదించెను. ఆ 1971లోనే, పందుల మెదడునుండి తీసిన, పీయూషగ్రంథిని మేల్కొల్పు ఆ హార్మోను నిర్మాణము శాస్త్రజ్ఞులకు తెలిసెను.

మన దేశమున 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును ఎక్కించి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యకృషీవల దినముగా జరుపుకొనుచున్నారు. నేడు చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములలో గ్రంథికి బదులు కృత్రిమముగా చేసిన హార్మోను మందులు కూడ వాడుచున్నారు.

హౌసే సహచరులతో కలిసి శరీరధర్మశాస్త్రముపై ఒక మహాగ్రంథమును స్పానిషులో రచించెను. అది పిమ్మట ఇతర భాషలలోనికి పోయెను. అప్పటి విజ్ఞానకేంద్రములకు దూరముగా, తన దేశభాషలో పనిచేసినంతమాత్రమున ఆయన శాస్త్రము కుంటువడలేదు. ఇంట ఒక భాష, వీథిలో మఱియొక భాష గల మన బాలబాలికలు, వారి తల్లిదండ్రులు ఈ మాటను మనస్సున నిలుపుకొనవలెనని మా కోరిక. తెలుగులో చదివినందున విజ్ఞానద్వారము మూయబడదు. ఇకపై అంగడిలో చేప తలను చూచినపుడు, అందు దాగిన ఆ చిన్ని గ్రంథిని, దానికై జీవితమును ధారపోసిన ఆ మహనీయుని తలచుకొందము.